సేర్ అంటే నొప్పి, సేర్ట్ అంటే కడుపు నిండింది: స్కాట్స్ నిఘంటువు సైటుకి ఒక నర్సు రివ్యూ

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడికి వచ్చే ముందు ఇంగ్లిష్ పరీక్ష రాశాను, స్కోరు బాగానే వచ్చింది. భాషతో ఇబ్బంది ఉండదనే అనుకున్నాను. డ్యూటీలో చేరిన మొదటి వారంలోనే, ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ధీమా పోయింది.

ఒక పెద్దాయన సగం తిని ప్లేటు పక్కకి జరిపి, "ఆమ్ వీల్ సేర్ట్, క్వైన్" అన్నారు. క్వైన్ అంటే అమ్మాయి అని అప్పటికే తెలుసు, రోజుకి పదిసార్లు వింటాను. 'సేర్' అనే మాట కూడా తెలుసు. సేర్ హీడ్ అంటే తలనొప్పి, సేర్ బ్యాక్ అంటే నడుంనొప్పి. అందుకని ఈయనకి ఎక్కడో నొప్పిగా ఉందనుకున్నాను. ఎక్కడండీ అని అడిగాను. ఆయన అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నారు. పొట్ట నొక్కి చూడబోతే నా చెయ్యి పక్కకి తీసేశారు. నాకు టెన్షన్ మొదలైంది. ఇంతలో పీటర్‌హెడ్ నుంచి వచ్చే కేరర్ ఒకామె పక్క టేబుల్ దగ్గర్నుంచి వచ్చి, "ఆయనకి కడుపు నిండిందట, అంతే" అని ప్లేటు తీసేసింది.

ఆ రాత్రి బస్సులో ఫోన్ తీసి వెతికితే దొరికింది ఈ సైటు. పేరు డిక్షనరీస్ ఆఫ్ ద స్కాట్స్ లాంగ్వేజ్, అందరూ డీఎస్ఎల్ అంటారు. అడ్రస్ డీఎస్ఎల్ డాట్ ఏసీ డాట్ యూకే. డబ్బు కట్టక్కర్లేదు. అప్పటి నుంచి నేను దాన్ని వాడని వారం లేదు. ఇక్కడికి వస్తున్న మన నర్సులూ కేరర్లూ చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 'సేర్' సంగతి పూర్తి చేస్తాను. నిఘంటువులో అది ఒక మాట కాదు. ఒకటి విశేషణం, ఇంగ్లిష్ 'సోర్'కి స్కాట్స్ రూపం, నొప్పిగా ఉన్నది అని అర్థం. ఇంకొకటి క్రియ. ఇంగ్లిష్ 'సర్వ్'లోంచి చివరి 'వ్' జారిపోయి 'సేర్' అయింది. అంటే వడ్డించడం, సరిపోయేలా పెట్టడం. వీల్ సేర్ట్ అంటే వడ్డన బాగా జరిగింది, ఇక చాలు అని. ఇల్ సేర్ట్ అంటే సరిపడా పెట్టలేదు అని. ఇది చదివాక ఆ పెద్దాయన ఎంత మర్యాదగా మాట్లాడారో అప్పటికి అర్థమైంది. వడ్డన బాగుందమ్మా అని మెచ్చుకున్న మనిషి పొట్ట నొక్కబోయాను నేను. మర్నాడు వెళ్లి ప్లేటు దగ్గర నిలబడి, "ఆర్ యీ వీల్ సేర్ట్?" అని నేనే అడిగాను. ఆయన నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఇంతకీ ఈ సైటులో ఉన్నది రెండు పెద్ద నిఘంటువులు. ఒకటి పాత స్కాట్స్‌ది, పన్నెండో శతాబ్దం నుంచి 1700 దాకా. రెండోది స్కాటిష్ నేషనల్ డిక్షనరీ, 1700 నుంచి ఈవలి కాలానికి. రెండూ 1931లోనే అచ్చు కావడం మొదలయ్యాయి. నేషనల్ డిక్షనరీ పది సంపుటాలు 1976కి పూర్తయ్యాయి. పాత స్కాట్స్ నిఘంటువు పన్నెండు సంపుటాలు పూర్తయ్యేసరికి 2002 వచ్చింది. డెబ్భై ఏళ్ల పని! మొదలుపెట్టినవాళ్లెవరూ దాని చివరి పేజీ చూడలేదు. రెండింటినీ కలిపి 2004లో ఆన్‌లైన్‌లో పెట్టారు. నేషనల్ డిక్షనరీకి 1946 నుంచి చివరిదాకా సంపాదకుడిగా ఉన్న డేవిడ్ మ్యూరిసన్ మాకు ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న ఫ్రేజర్‌బరోలో పుట్టినవాడు. ఆ సంగతి మా హోమ్‌లో చెబితే ఫ్రేజర్‌బరో నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు చాలా గర్వపడ్డారు.

ఇక్కడ 'స్కాట్స్' అంటే ఏమిటో ఒక్క మాట. స్కాట్లాండ్‌లో ఉన్న ఇంకో భాష గేలిక్ వేరు, స్కాట్స్ వేరు. గేలిక్ ఐరిష్‌కి చుట్టం. స్కాట్స్ ఇంగ్లిష్‌కి తోబుట్టువు, రెండూ ఒకే పాత భాష నుంచి విడిపోయి పెరిగాయి. 2022 జనాభా లెక్కల్లో 24 లక్షల మందికి పైగా తమకి స్కాట్స్ అర్థమవుతుందనో, మాట్లాడతామనో, చదవడమో రాయడమో వచ్చుననో చెప్పుకున్నారు. అబర్డీన్ చుట్టుపక్కల మాట్లాడే రకాన్ని డోరిక్ అంటారు. మా హోమ్‌లో వినిపించేది అదే.

ఈ నిఘంటువు నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే 'హోస్ట్' అనే మాట గురించి చెప్పాలి. మధ్యలో కొన్నాళ్లు వేరే చోట కూడా పనిచేశాను, పేరు అవసరం లేదు. అక్కడ ఒక పెద్దావిడ పొద్దున్నే, "ఐవ్ అన్ అఫా హోస్ట్ ద డే" అన్నారు. నైట్ డ్యూటీ చేసిన అమ్మాయి కూడా నాలాగే బయటి దేశం నుంచి వచ్చింది. ఎవరో చుట్టాలొస్తారని చెబుతున్నట్టు అర్థం చేసుకుని, షిఫ్ట్ మారేటప్పుడు ఆ మాటే రాసి వెళ్లింది. ఆ రోజు డ్యూటీ నాది. నేనూ అలాగే అనుకున్నాను. హోస్ట్ అంటే దగ్గు. నాకు చాలా దగ్గుగా ఉంది అన్నారావిడ. సాయంత్రానికి జ్వరం వచ్చింది, డాక్టర్ వచ్చి ఛాతీలో ఇన్ఫెక్షన్ అన్నారు. మందులతో కోలుకున్నారు, కానీ ఒక పూట పోయింది. ఎనభై దాటిన మనిషికి ఒక పూట అంటే చిన్న విషయం కాదు. తన బాధ తన భాషలో స్పష్టంగా చెప్పుకున్న మనిషి మాట, వినే నాకు రాకపోవడం వల్ల, కాగితం మీద చుట్టాల కబురైపోయింది. ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేను.

డీఎస్ఎల్‌లో 'హోస్ట్' కొట్టి చూస్తే మొదట కనిపించేవి స్పెల్లింగులు. హెచ్ ఓ ఎ ఎస్ టి అని ఒకటి, మధ్యలో ఎ లేకుండా ఒకటి, చివర ఇ చేర్చి ఒకటి. స్కాట్స్‌కి అందరూ పాటించే ఒకే స్పెల్లింగ్ లేదు. రాసినవాళ్లు ఎవరి ఊరి పలుకుబడికి తగ్గట్టు వాళ్లు రాశారు, నిఘంటువు వాటన్నిటినీ ఒకే చోటికి చేర్చింది. ఆ తర్వాత ఉచ్చారణ, అర్థాలు. ఒక్కో అర్థం కింద ఏ సంవత్సరంలో, ఏ జిల్లాలో, ఎవరు ఎలా వాడారో ఉదాహరణలు. చివర పుట్టుక. హోస్ట్ పాత నార్స్ మాట, వైకింగులతో సముద్రం దాటి వచ్చింది. ఇంగ్లిష్‌లో అతిథిని పిలిచేవాడు అనే 'హోస్ట్'కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

ఆస్పత్రి పనికి పనికొచ్చే మాటలు ఇంకెన్నో ఉన్నాయి. ఆక్స్‌టర్ అంటే చంక. థర్మామీటర్ పెట్టేటప్పుడు రోజూ కావాలి. దాన్నే క్రియగా వాడితే చంక కింద చెయ్యి వేసి నడిపించడం, అంటే మేం రోజంతా చేసే పని. థ్రాపల్ గొంతు, వేమ్ పొట్ట, హిర్పల్ కుంటుతూ నడవడం. పీలీ వాలీ అంటే పాలిపోయిన మొహం. వాబిట్ అంటే ఒంట్లో సత్తువ లేకపోవడం. బోక్ అంటే వాంతి, వికారం కూడా. దీన్ని బోక్, బౌక్, బాక్ అని మూడు రకాలుగా విన్నాను, మూడూ అదే మాట. జాగ్ అంటే ఇంజెక్షన్. 2021లో కోవిడ్ టీకాల రోజుల్లో ఇంగ్లండ్ పేపర్లన్నీ జాబ్ అంటుంటే ఇక్కడివాళ్లు జాగ్ అనేవాళ్లు.

వీటన్నిటిలో ముందు నేర్చుకోవాల్సింది ద్వామ్. "షీ టుక్ ఎ ద్వామ్" అంటే సొమ్మసిల్లింది అని. కానీ "షీజ్ ఇన్ ఎ ద్వామ్" అంటే ఏదో ఆలోచనలో పడి పరధ్యానంగా ఉంది అని. మాట ఒకటే. మొదటిది వింటే బీపీ చూడాలి, రెండోది వింటే కిటికీ దగ్గర ఆవిణ్ణి ఆవిడ లోకంలో వదిలెయ్యాలి. టూరిస్టుల కోసం అమ్మే తువ్వాళ్ల మీదా, కప్పుల మీదా స్కాట్స్ మాటలు అచ్చు వేస్తారు, పక్కన ఒక్క ముక్కలో అర్థం ఉంటుంది. ఫోన్‌లో ఉచితంగా దొరికే ఒక పదకోశం కూడా కొన్నాళ్లు వాడాను, అదీ అంతే. ద్వామ్ అంటే పగటికల అని రాసి ఊరుకుంది. నాలాంటి పనిలో ఉన్నవాళ్లకి ఆ సగం అర్థం ప్రమాదం. డీఎస్ఎల్ రెండు అర్థాలనూ విడివిడిగా, ఉదాహరణలతో ఇస్తుంది.

ఉచ్చారణ దగ్గర మనకి కొంత సుఖం ఉంది. వీళ్లు 'ర'ని మనలాగే గట్టిగా పలుకుతారు. వర్ల్డ్, గర్ల్ అన్న మాటల్లో ర మింగెయ్యరు. ఫిల్మ్‌ని ఫిలుమ్ అంటారు, మన పెద్దవాళ్లు అన్నట్టే! ఇక డ్రీఖ్ అనే మాట ఉంది. ముసురు పట్టి, చలిగా, రోజంతా వెలుతురు లేకుండా ఉండే వాతావరణం. ఇక్కడ ఏడాదిలో చాలా రోజులకి ఆ మాట చాలు. దాని చివరి శబ్దం మన పుస్తకాల్లోని ఒత్తు ఖ కాదు. ఉర్దూ తెలిసినవాళ్లు 'ఖబర్' అనేటప్పుడు గొంతులోంచి గాలి రాపిడిగా వస్తుందే, అది. రాసేటప్పుడు సి హెచ్ అని రాస్తారు కాబట్టి చూసి చదివితే 'డ్రీచ్' అయిపోతుంది. లోఖ్ అన్నా అంతే. నిఘంటువు తిరగేస్తే డ్రీఖ్‌కి వానతో సంబంధం లేని అర్థం కూడా ఉంది. ఎంతకీ తెమలనిది, విసుగు పుట్టించేది. సాగదీసే చర్చి ప్రసంగం కూడా డ్రీఖే.

అబర్డీన్ వైపు వచ్చేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన సూత్రం ఇంకొకటి. ప్రశ్న మాటల్లో ఇంగ్లిష్ 'వ' గానీ 'హ' గానీ ఉన్న చోట ఇక్కడ 'ఫ' వస్తుంది. వాట్ అంటే ఫిట్, వేర్ అంటే ఫార్, వెన్ అంటే ఫ్యాన్, హూ అంటే ఫా, హౌ అంటే ఫూ. "ఫిట్ లైక్?" అంటే ఎలా ఉన్నారు. "ఫూజ్ యర్ డూజ్?" అని ఎవరైనా అడిగితే మాటకి మాట అర్థం, మీ పావురాలు ఎలా ఉన్నాయి అని. "ఐ పెకిన్" అని జవాబు చెప్పాలి, అంటే గింజలు పొడుచుకుంటూనే ఉన్నాయి. పాదాన్ని కూడా ఫిట్ అంటారు. అందుకని కొత్తగా వచ్చినవాళ్లకి అందరూ నేర్పే వాక్యం ఒకటుంది, "ఫిట్ ఫిట్ ఫిట్స్ ఫిట్ ఫిట్?" ఏ చెప్పు ఏ కాలికి సరిపోతుంది అని. నాకు స్లిప్పర్లు తొడిగే వేళ అది నిజంగానే పనికొస్తుంది.

ఈ 'ఫ' ఎక్కడిదా అని పాత స్కాట్స్ వైపు చూస్తే ఇంకో సంగతి తెలిసింది. ఆరేడు వందల ఏళ్ల కిందట వాట్‌ని క్యూ యు హెచ్‌తో మొదలుపెట్టి రాసేవాళ్లు. గొంతులోంచి గాలి బలంగా వచ్చే ఆ శబ్దాన్ని అలా గుర్తు పెట్టుకున్నారు. దక్షిణాన అది 'వ్హ' అయి నిలిచింది, ఈశాన్యంలో పెదవుల దగ్గరికి జరిగి 'ఫ' అయింది. ఒకే మాటని రెండు నిఘంటువుల్లోనూ పక్కపక్కన చూసే వీలుండడం వల్లే నాకిది అర్థమైంది. ఇంటిపేర్లలో మెన్‌జీస్ అని రాసి మింగిస్ అని, డాల్‌జీల్ అని రాసి డీయెల్ అని ఎందుకు పలుకుతారన్నది కూడా ఇలాంటిదే. 'యోఖ్' అనే పాత అక్షరం ప్రెస్సువాళ్ల దగ్గర లేక, చూడ్డానికి అలాగే ఉందని జెడ్ వాడేశారు.

జిల్లా గుర్తులు ఈ సైటులో నాకు అన్నిటికన్నా నచ్చినవి. ఉదాహరణ పక్కన ఏబీడీ అని ఉంటే అబర్డీన్‌షైర్, ఏవైఆర్ అంటే ఎయిర్‌షైర్, ఎస్‌హెచ్ అంటే షెట్లాండ్. ఇది ఎంత అవసరమో 'పీస్' అనే మాట చెబుతుంది. గ్లాస్గోలో పీస్ అంటే శాండ్‌విచ్. మా దగ్గర "ఎ ఫ్లై కప్ అన్ ఎ ఫైన్ పీస్" అంటే పని మధ్యలో ఒక కప్పు టీ, దాంతో కేకో బిస్కెట్టో. గ్లాస్గోలో పనిచేసి వచ్చిన ఒక కేరర్ ఫైన్ పీస్ అడిగిన ఆయనకి హామ్ శాండ్‌విచ్ చేసి తెచ్చింది, ఆయన ఏమీ అనకుండా తిన్నారు. అలాగే గ్లాస్గోలో "హౌ?" అంటే ఎందుకు అని అర్థం. "ఐ డౌట్ ఇట్‌ల్ రెయిన్" అంటే వాన రాదేమో అని కాదు, వచ్చేలా ఉంది అని. ఈ ఒక్క మాట తప్పుగా విని నలుగురిని తోటలోకి తీసుకెళ్లి తడిపాను.

కష్టాలు కూడా చెప్పాలి. ఇది నాలాంటివాళ్ల కోసం చేసిన సైటు కాదు, పండితుల పుస్తకాలను తెచ్చి పెట్టిన చోటు. ఎంట్రీలు చాలా పొడుగు. పొడి అక్షరాలు బోలెడు, మొదట్లో వాటి పట్టిక పక్కన పెట్టుకుని చదివాను. ఉచ్చారణ ధ్వని గుర్తుల్లో ఉంటుంది, అవి నేర్చుకోవాలి. ఉదాహరణల్లో ఎక్కువ భాగం పాత కవిత్వం, పాత కథలు. 2005లో అనుబంధం చేర్చినా, అసలు పుస్తకం 1976 నాటిదే. మా హోమ్‌లోవాళ్లు 1930, 40ల్లో పుట్టినవాళ్లు కాబట్టి నాకు సరిపోతుంది. స్కూలు పిల్లలతో పనిచేసేవాళ్లకి ఇంకొంచెం కొత్తది కావాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, చెవితో విన్నదాన్ని ఏ స్పెల్లింగ్‌తో వెతకాలన్నది. నా పద్ధతి ఇది. ముందు విన్నట్టు కొడతాను. రాకపోతే ఓ ఓ ఉన్న చోట యు ఐ, కె ఉన్న చోట సి హెచ్ పెట్టి చూస్తాను. అప్పటికీ రాకపోతే హెడ్‌వర్డ్, అంటే ఎంట్రీకి తలకట్టుగా ఉన్న మాట, వదిలి మొత్తం పాఠంలో వెతికే పద్ధతికి వెళ్లి, ఇంగ్లిష్ అర్థం కొడతాను. 'ఆర్మ్‌పిట్' అని కొడితే దాన్ని అర్థంగా ఇచ్చిన ఎంట్రీలన్నీ వస్తాయి.

తొందరగా చూసుకోవడానికి కన్సైజ్ స్కాట్స్ డిక్షనరీ అని ఒకే సంపుటం పుస్తకం ఉంది. మొదట 1985లో వచ్చింది, రెండో కూర్పు 2017లో. అందులో స్పెల్లింగులు, పలుకుబడి, అర్థం, ఏ ప్రాంతం, ఏ కాలం అన్నీ రెండు మూడు లైన్లలో ఉంటాయి. ఉదాహరణ వాక్యాలుండవు. పుస్తకం కావాలా సైటు కావాలా అంటే, డ్యూటీలో పుస్తకం, ఇంటికి వచ్చాక సైటు.

ఇప్పుడు ఒక్క ఎంట్రీ గురించి చెప్పాలి. మా హోమ్‌లో తొంభై ఏళ్ల పెద్దావిడ ఒకరున్నారు. నాతో మాట్లాడేటప్పుడల్లా మధ్యలో ఆగి, "సారీ, సరిగ్గా మాట్లాడాలి కదా" అనేవారు. ఒకరోజు అడిగాను, ఎందుకండీ సారీ అని. చిన్నప్పుడు స్కూల్లో ఇంటి భాష మాట్లాడితే తోలు పట్టీతో అరచేతుల మీద కొట్టేవాళ్లట. ఆ పట్టీని టాస్ అంటారు. ప్రభుత్వ స్కూళ్లలో అది ఆగింది 1987లో. యాస బయటపడుతుందేమోనని నోరు మెదపకుండా కూర్చోవడం మన తెలుగు పిల్లలకీ తెలిసిన బాధే. కానీ ఎనభై ఏళ్ల తర్వాత కూడా, నొప్పి చెప్పుకునేటప్పుడు కూడా సారీ చెప్పడం చూసి నా మనసు ఆగలేదు.

ఆవిడ ఎక్కువగా అనే మాట థోల్. "ఐ కెన్ థోల్ ఇట్." ఓర్చుకోగలను అని. సైటులో ఆ మాట తీసి, టాబ్లెట్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఆవిడ ఒళ్లో పెట్టాను. నేషనల్ డిక్షనరీలో పొడుగ్గా ఉంది. కింద పాత స్కాట్స్ నిఘంటువులో ఇంకా పొడుగ్గా ఉంది. 1375 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ రాజు మీద పెద్ద కావ్యం రాసిన జాన్ బార్బర్ వాడిన మాట ఇది అని చెప్పాను. బార్బర్ ఇదే అబర్డీన్‌లో ఆర్చ్‌డీకన్, అంటే చర్చిలో పెద్ద పదవిలో ఉన్న మతాధికారి. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, వేలితో ఒక్కో లైను కిందా గీస్తూ చాలాసేపు చదివారు. "మా మిదర్స్ వర్డ్" అన్నారు చివరికి. మా అమ్మ మాట. ఆ తర్వాత, అదే వేలితో స్క్రీన్ మీద తట్టి, వాళ్ల అమ్మ అన్న ఇంకో మాట వెతకమన్నారు.

2025లో ఇక్కడి పార్లమెంట్ స్కాట్స్‌కి, గేలిక్‌కి అధికార హోదా ఇస్తూ చట్టం చేసింది. ఆ వార్త కూడా ఆవిడకి చదివి వినిపించాను.

ఇప్పుడు మా స్టాఫ్ రూమ్ తలుపు వెనక ఒక కాగితం ఉంది. ఇరవై ఆరు మాటలు, పక్కన అర్థం, డీఎస్ఎల్ చూసి సరిచేసినవి. హోస్ట్, ద్వామ్, ఆక్స్‌టర్, సేర్ట్ పైన ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజే ఫోటో తీసుకుంటారు. చివరి మాట నేను రాసింది కాదు, ఆ పెద్దావిడ చెప్పి రాయించింది. ఒంట్లో బాగుందో లేదో చూసుకునే మాటలే రాశారు, ఇది లేకపోతే ఎలా అన్నారు. బోజీ. దగ్గరికి తీసుకుని హత్తుకోవడం. రాత్రి పడుకోబోయే ముందు "గీజ్ ఎ బోజీ, క్వైన్" అంటారు, ఇప్పుడు సారీ చెప్పడం లేదు.